బొగ్గులమ్మిన పెండ్లికూతురు

పేదపిల్ల గొప్పయింటి కోడలైన కథ లేని దేశం లేదు. ఏ భాషలో విన్నా ఆ కథకు మొదలు ఒక్కటే: తల్లి లేని పిల్ల, కళ తప్పిన యిల్లు, పొయ్యి, బూడిద. చివర కూడ ఒక్కటే: పెండ్లి. ఈ రెంటికి నడుమ ఆ పిల్లను గట్టెక్కించినది ఎవరు అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఒక కథకు మరొక కథకు భేదం ఏర్పడుతుంది.

ఫ్రాన్సు దేశపు రచయిత షార్ల్ పెరో 1697లో ప్రకటించిన కథల సంపుటిలో సిండరెల్లా కథ ఉన్నది. పొయ్యి మూల బూడిదలో కూర్చుండే పిల్ల కనుక ఆమెకు ఆ పేరు వచ్చినది. ఆమెను గట్టెక్కించినది ఒక దేవత. ఆ దేవత తలచుకొనగానే గుమ్మడికాయ బండి అయినది, ఎలుకలు గుర్రాలైనవి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో వెలువరించిన సంపుటిలో అదే కథ మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడ సవతితల్లి పప్పుగింజలను బూడిదలో గుమ్మరించి ఏరుమంటుంది. పావురాలు వచ్చి ఏరిపెట్టి పోతాయి. రెండు కథలలోను పిల్ల మంచిది, ఓర్పు గలది, అందగత్తె. ఆమెకు కావలసిన సాధనాలను మాత్రం మరెవరో సమకూర్చినారు.

పెరోకు సుమారు వెయ్యి సంవత్సరాలకు పూర్వమే దక్షిణదేశంలో ఒక సంస్కృతకవి అటువంటి కథనే చెప్పినాడు. అందులోను తల్లిదండ్రులు లేని పిల్ల ఉన్నది, శిథిలమైన యిల్లున్నది, పొయ్యి ఉన్నది, తోడుగా ఒక వృద్ధురాలున్నది. అయితే ఆ వృద్ధురాలు దేవత కాదు, పెంచిన దాది. ఆమె చేతిలో మంత్రదండం లేదు. బజారుకు పోయి వచ్చే ఓపిక మాత్రం ఉన్నది. ఇక బూడిద సంగతి: ఈ పిల్ల కట్టెలను బూడిద కానీయలేదు. నీళ్లు చల్లి, బొగ్గులు చేసి, అమ్మించినది. ఆమె పేరు గోమిని. ఆ కవి దండి. కథ దశకుమారచరితంలోనిది.

ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్న

దండి క్రీస్తుశకం 7వ శతాబ్ది చివరను, 8వ శతాబ్ది మొదటను పల్లవుల కాంచీపురంలో నివసించినవాడని పండితుల నిర్ణయం. దశకుమారచరితం గద్యకావ్యం. పదిమంది కుమారులు ఒకరినొకరు ఎడబాసి, దేశాలు తిరిగి, మరల కలుసుకొని, ఎవరి అనుభవాన్ని వారు చెప్పుకొనడం అందులోని వస్తువు. గ్రంథం ఆద్యంతాలను తరువాతివారు పూరించినారు. నడుమనున్న ఎనిమిది ఉచ్ఛ్వాసాలు దండివని చెప్పుదురు. వానిలో ఆరవది మిత్రగుప్తుని కథ. గోమిని ఆ కథలోపలి కథ.

మిత్రగుప్తుడు సుహ్మదేశంలోని దామలిప్త నగరానికి వచ్చినాడు. ఆ రాజునకు వింధ్యవాసినీదేవి వరం వలన కలిగిన కుమార్తె ఒకతె ఉన్నది. పేరు కందుకావతి. ఏడవయేటినుండి వివాహమయ్యేవరకు ఆమె ప్రతినెల కృత్తికా నక్షత్రం నాడు బంతులాటతో దేవిని ఆరాధింపవలెను. ఆమె ఎవరిని కోరుకొనునో వానికే ఆమెను ఈయవలెనని కూడ దేవి ఆనతి. ఆమె బంతులాట చూడవచ్చిన జనంలో మిత్రగుప్తుడున్నాడు. ఆమె మనస్సు అతనిపై నిలిచినది. ఆమెను పెండ్లాడినవానికి ఆమె సోదరుడు లోబడి ఉండవలెనన్నది ఆ వరంలోని మరొక నియమం. అది సహింపలేక సోదరుడు భీమధన్వుడు మిత్రగుప్తుని కట్టించి సముద్రంలో త్రోయించినాడు.

యవనుల ఓడ ఒకటి అతనిని రక్షించినది. గాలివాటుకు ఆ ఓడ ఒక దీవికి చేరినది. అక్కడ ఒక బ్రహ్మరాక్షసుడు అడ్డు తగిలి, ప్రశ్నలకు సమాధానం చెప్పు, చెప్పలేకపోతివా తినివేయుదునన్నాడు. ప్రశ్నలు నాలుగు. క్రూరమైనది ఏది? గృహస్థునకు ప్రియమును హితమును అయినది ఏది? కామమనగా ఏమి? అసాధ్యమైన కార్యాన్ని సాధించేది ఏది? మిత్రగుప్తుడు వరుసగా, స్త్రీ హృదయమని, భార్య గుణాలని, సంకల్పమని, ప్రజ్ఞ అని జవాబులు చెప్పి, ఒక్కొక్క జవాబుకు ఒక్కొక్క స్త్రీ కథను సాక్ష్యంగా పెట్టినాడు. ధూమిని, గోమిని, నింబవతి, నితంబవతి ఆ నలుగురు.

మొదటి జవాబు నేటి విద్యార్థినులకు కోపం తెప్పించవచ్చును. తెప్పించవలసినదే. అయితే రెండవ జవాబుకు చెప్పిన కథ ఆ మొదటి మాటను చాలవరకు తానే కొట్టివేస్తున్నది. అంతేకాదు, రెండవ జవాబుకు ఉదాహరణగా నిలిచిన గోమిని నిజానికి నాలుగవ ప్రశ్నకు కూడ సమాధానమే. అసాధ్యమనిపించిన కార్యాన్ని ప్రజ్ఞ ఎట్లు సాధించునో ఆమె చేతిపనిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడను కనిపించదు.

కొంగున కట్టిన వడ్లు

కాంచీపురంలో శక్తికుమారుడని కోట్లకు పడగలెత్తిన వర్తకుని కొడుకు. పద్దెనిమిదవ యేడు వచ్చినది. భార్య లేనివానికి సుఖం లేదు, గుణం లేని భార్యతోను సుఖం లేదు అని అతనికి తోచినది. ఇతరుల మాటలు నమ్మి చేసుకొన్న సంబంధంలో గుణం కుదరడం దైవాధీనం. కనుక తానే వెదకుకొనదలచి, జోస్యుని వేషం వేసి, ఒక ప్రస్థము వడ్లు బట్టచెరగున ముడివేసుకొని బయలుదేరినాడు. ప్రస్థమనగా నాలుగు కుడవములు; పాతకాలపు చిన్న కొలత.

సాముద్రికం తెలిసినవాడు వచ్చినాడని ఆడపిల్లలు గలవారు తమ పిల్లలను చూపించేవారు. లక్షణాలు కుదిరిన పిల్ల కనిపిస్తే అతడు, ఈ వడ్లతో మాకు కడుపునిండ భోజనం పెట్టగలవా అని అడిగేవాడు. వడ్లు తప్ప మరేమీ ఇచ్చేది లేదు. కూరకు, నేతికి, కట్టెలకు ఎవరేమి ఈయాలో చెప్పడు. జనం నవ్వినారు, తరిమినారు. ఇల్లిల్లూ తిరిగి అవమానం పడుతూ అతడు శిబిదేశానికి వచ్చినాడు. అక్కడ కావేరి దక్షిణపుటొడ్డున ఒక పట్టణంలో ఒక దాది తాను పెంచిన పిల్లను అతనికి చూపించినది.

ఆ పిల్ల తల్లిదండ్రులు పోయినారు. వారితోబాటు సంపద కూడ పోయినది. ఇల్లు కూలిపోతున్నది. ఒంటిమీద ఒకటి రెండు నగలు తప్ప లేవు. శక్తికుమారుని మనస్సు చూడగానే ఆమెకు లోబడినది. దండి ఆ మాట దాచలేదు. ఆమె అంగాంగ లక్షణాన్ని శక్తికుమారుడు శాస్త్రప్రకారం ఎంచుకొన్న తీరును దీర్ఘంగానే వర్ణించినాడు. అయినను పరీక్షింపక పెండ్లాడరాదని, ఆలోచింపక చేసినవారికి పశ్చాత్తాపం తప్పదని అతడు తనకు తాను చెప్పుకొని, వడ్లమూట చూపి అలవాటైన ప్రశ్న వేసినాడు.

ఇంతకుముందు పిల్లలందరు నవ్వినారు. ఈ పిల్ల నవ్వలేదు. జవాబు కూడ చెప్పలేదు. దాది వైపు అర్థవంతంగా ఒక చూపు చూచి, అతని చేతిలోని వడ్లు తీసికొని, కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, చిమ్మి నీళ్లు చల్లిన అరుగుమీద కూర్చుండబెట్టినది. ఆ చూపులో ఏమున్నదో కవి విడమరచి చెప్పలేదు. పని ఒప్పుకొన్నదనియు, దానిని ఎట్లు చేయవలెనో అప్పుడే నిశ్చయించుకొన్నదనియు తరువాతి కథ చెప్పుతున్నది.

ఊక వెల

ఇక్కడినుండి దండి వచనం శృంగారవర్ణనను విడిచి పనిపాటలకు దిగుతుంది. గోమిని వడ్లను కొంచెం నలిపి, ఎండలో పోసి, మాటిమాటికి తిరుగవేస్తూ, కొద్దికొద్దిగా ఆరబెట్టినది. గట్టిగా, చదునుగా ఉన్న నేలమీద పోసి, బోలుకాడ వీపుతో మెల్లమెల్లగా రుద్దినది. గింజ విరుగలేదు, పొట్టు చిరుగలేదు. ఊక ఊకగా, బియ్యం బియ్యంగా విడిపోయినవి.

వడ్లను నేరుగా రోటిలో పోసి దంచడం లోకంలో అలవాటు. అట్లు దంచితే ఊక నలిగి తవుడుతో కలిసిపోతుంది. గోమిని అందుకు ఒప్పుకొనలేదు. కారణం దాదితో చెప్పిన మాటలో బయటపడుతుంది. నగలకు మెరుగుపెట్టుటకు కంసాలులకు ఈ ఊక కావలెను. వారికి అమ్మి, వచ్చిన కాకిణులతో కట్టెలు, ఒక చిన్న కుండ, రెండు మూకుళ్లు తీసికొని రమ్మన్నది. కాకిణి ఆ కాలపు మిక్కిలి చిన్న నాణెం. లోకం పారవేసేదాని వెల తెలిసిన పిల్ల ఆమె. ఆ వెల రావలెనంటే సరుకు ఎట్లుండవలెనో కూడ తెలుసును.

కట్టెలు ఎటువంటివి తేవలెనో ఆమె చెప్పిన మాట ఇంకను గమనింపదగినది. చేవ గలవి, పచ్చివి కానివి, మరీ ఎండినవి కానివి తెమ్మన్నది. పచ్చికట్టె పొగచూరుతుందని ఎవరికైనను తెలుసును. మరీ ఎండినది వద్దనుట ఎందుకు? అది భగ్గున మండి బూడిద అవుతుంది. చేవ గల కట్టె లోపల గట్టిగా మిగులుతుంది. వంట అయిన తరువాత చేయబోయే రెండవ బేరాన్ని ఆమె మొదటి బేరం నాడే మనస్సులో పెట్టుకొన్నదన్నమాట.

పిమ్మట దంపుడు. రోలు మద్దిచెక్కది, లోతు ఎక్కువలేక వెడల్పుగా ఉన్నది. రోకలి చండ్రకర్రది, బరువైనది, పొడవైనది, కొనకు ఇనుప పొన్ను గలది, నడుమ కొంచెం సన్ననిది. ఆమె చేతులు లేచి పడే తీరును, వ్రేళ్లతో బియ్యాన్ని ఎగదోసే ఒడుపును కవి చూచి మెచ్చుకొన్నాడు. చేటతో చెరిగి, నూకను, చిట్టును పోగొట్టి, పలుమార్లు నీళ్లతో కడిగి, పొయ్యికి పూజ చేసి, బియ్యానికి అయిదింతలు నీళ్లు కాగిన ఎసరులో పోసినది. మెతుకు ఉబ్బి మెత్తబడగానే మంట తగ్గించి, మూతపెట్టి గంజి వార్చినది. గరిటెతో కొద్దిగా కదిపి, అన్నం అంతటా సమంగా ఉడికినదని తెలిసిన తరువాత కుండను బోర్లించినది.

బొగ్గుల వెల

అన్నం దిగినది. కూర లేదు, నేయి లేదు, పెరుగు లేదు. ఈ చోట మరొక కథలో దేవత ప్రత్యక్షం కావలసినది. గోమిని పొయ్యిలో చూచినది. లోపల చేవ మిగిలిన కట్టెలమీద నీళ్లు చల్లి ఆర్పి, నల్లని బొగ్గులు చేసి, కావలసినవారికి అమ్మిరమ్మని దాదిని మరల పంపినది. ఎంత వస్తే అంతకు కూర, నేయి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు దొరికినంతవరకు తెమ్మన్నది. అవన్నీ వచ్చినవి.

పూలమ్మిన ఊళ్లో కట్టెలమ్మినట్లని తెలుగువారి సామెత. ఐశ్వర్యం అనుభవించిన చోటనే దైన్యం పాలైనవారిని చూచి పెద్దలు నిట్టూర్చి చెప్పే మాట. గోమినికి అక్షరాలా పట్టిన గతి అదే. ఆ పట్టణంలోనే ఆమె తండ్రి శ్రీమంతుడు. ఆ పట్టణంలోనే ఆమె ఊకను, బొగ్గులను అమ్మించినది. సామెతలోని నిట్టూర్పు మాత్రం ఈ కథలో లేదు. ఆమె ఎవరిని యాచింపలేదు, అప్పు చేయలేదు, తన గతాన్ని తలచుకొని ఒక్క కన్నీటిబొట్టు రాల్చినట్లు కవి వ్రాయలేదు.

లెక్క చూచినచో ఆ యింటికి వెలుపలినుండి వచ్చిన పెట్టుబడి ఆ నాలుగు కుడవముల వడ్లే. అందులోనుండి బియ్యం, ఊక వచ్చినవి. ఊక కట్టెలైనది, కుండ అయినది. కట్టెలు వంటకు నిప్పును, అంగడికి బొగ్గును ఇచ్చినవి. బొగ్గు కూర అయినది. గంజి కూడ వ్యర్థం కాలేదు. సిండరెల్లా కథలో గుమ్మడికాయ బండి అయినది. అర్ధరాత్రి గడియారం మ్రోగగానే మరల గుమ్మడికాయ అయినది. ఈ కథలో ఊక కుండ అయినది. మరునాడు తెల్లవారిన తరువాత కూడ అది కుండయే.

విస్తరి ముందు

రెండు మూడు వ్యంజనాలు సిద్ధమైనవి. వార్చిన గంజిని క్రొత్త మూకుట పోసి, తడియిసుకమీద ఉంచి, తాటాకు విసనకర్రతో మెల్లగా విసరి చల్లార్చినది. ఉప్పు కలిపి, నిప్పులమీద ధూపం వేసి సువాసన పట్టించినది. ఉసిరికను మెత్తగా నూరినది. స్నానానికి లేవండని దాదిచేత చెప్పించి, తాను కూడ శుచియై వచ్చి, తలంటుకొనుటకు నూనెను, ఉసిరికను ఇచ్చినది.

అతడు స్నానం చేసి వచ్చి పీటమీద కూర్చున్నాడు. పెరటి అరటిచెట్టు లేతాకు కోసి వేసినది. మొదట వడ్డించినది అన్నం కాదు, చల్లార్చిన గంజి. దారి నడిచివచ్చిన వానికి ముందు దాహం తీరవలెను. అది త్రాగగానే అతని బడలిక తీరినది. పిదప రెండు గరిటెల అన్నం, నేయి, సూపము, వ్యంజనం. మిగిలిన అన్నానికి దాల్చినచెక్క, ఏలకి, ఆకుపత్రి పొడి కలిపిన పెరుగు, చల్లని మజ్జిగ, కాంజిక. కడపట, అగరుధూపం పట్టించి పాటలీపుష్పాలతో వాసన కట్టించిన నీళ్లు. కుండలో అన్నం ఇంకను మిగిలి ఉండగానే అతనికి తృప్తి కలిగినదని దండి వ్రాసినాడు.

ఈ వంటలో ఒక్క అరుదైన పదార్థం లేదు. ఉన్నదల్లా వరుస తెలియడం. ఏది ముందు, ఏది వెనుక, ఏది చల్లగా, ఏది వేడిగా అన్న వివేకం ఆమెది. అతిథి నోరు తెరచి అడిగినది కడపట నీళ్లు మాత్రమే. తక్కినదంతయు అడుగకముందే వచ్చినది.

అతడు అక్కడనే కొంతసేపు విశ్రమించి, సంతోషించి, ఆమెను విధిప్రకారం వివాహమాడి తీసికొని పోయినాడు.

తెలుగులో గోమిని

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దశకుమారచరితాన్ని తెలుగులో పద్యకావ్యంగా రచించి తిక్కనకు అంకితమిచ్చినాడు. సంస్కృత గద్యాన్ని తెలుగు పద్యంలోనికి దించిన ఆ నేర్పునకు అభినవదండి అన్న బిరుదు దక్కినది. తెలుగు భాషకు తెలుగులో తొలి వ్యాకరణంగా పేరొందిన ఆంధ్రభాషాభూషణము, ధర్మశాస్త్రానికి సంబంధించిన విజ్ఞానేశ్వరీయము కూడ అతనివే. భారతాన్ని తెనిగించిన మహాకవికి కానుకగా ఇచ్చుటకు కేతన ఎన్నుకొన్నది దేవతల కథ కాదు. వర్తకులు, దొంగలు, జూదరులు, నేర్పరులైన కన్యలు తిరుగాడే కథలు. తెలుగులో కథాకావ్యం మొదటి రోజులలోనే ఇటువంటి ఆడపిల్లకు చోటు దొరికినదన్నమాట.

పరీక్ష తప్పినవాడు

పెండ్లితో కథ ముగియవలసినది. దండి ముగింపలేదు. పెండ్లాడి తీసికొని పోయిన తరువాత శక్తికుమారుడు ఆమెను లెక్కచేయక ఒక వేశ్యను ఇంటికి తెచ్చినాడు. గోమిని ఆమెను కూడ ప్రియసఖివలె చూచినది. భర్తను దైవంవలె సేవించినది. ఇంటిపనిలో లోపం రానీయలేదు. పరిజనాన్ని దాక్షిణ్యంతో తనవారిని చేసికొన్నది. కడకు అతడు ఆమె గుణాలకు వశుడై సంసారమంతా ఆమె చేతిలో పెట్టి, ఆమెకే అధీనుడై బ్రతికినాడు. ఇంత కథను దండి నాలుగైదు వాక్యాలలో ముగించినాడు. నాలుగు కుడవముల వడ్లకు ఇచ్చినంత చోటు ఆమె దుఃఖానికి ఈయలేదు.

ఈ భాగాన్ని దాచి కథ చెప్పడం సులభం. చాలమంది అట్లే చెప్పుతారు. దాచినచో కథలోని ముఖ్యమైన న్యాయప్రశ్న మరుగుపడిపోతుంది. గుణం లేని భార్యతో సుఖం లేదని దేశమంతా తిరిగినవాడు తన గుణాన్ని ఏ కొలతతోను కొలుచుకొనలేదు. ఆమెను పరీక్షించుటకు వడ్లమూట కట్టుకొన్నాడు. అతనిని పరీక్షించుటకు ఆమె చేతికి ఏ మూటయు దొరకలేదు. పెండ్లికి ఆమె మనస్సు ఎవరడిగినారు? అతని మనస్సు లోబడినదని చెప్పిన కవి ఆమె మనస్సు సంగతి చెప్పలేదు. కథలో పరీక్ష ఒకరికే జరిగినది. తప్పినవాడు మాత్రం రెండవవాడు.

ఓర్పుతో గెలిచినదని పూర్వులు మెచ్చుకొన్నారు. ఆనాటి సంసారంలో తండ్రి లేని పిల్లకు మరొక దారి లేకపోయెనేమో. నేటి పాఠకులు ఆ ఓర్పును గౌరవిస్తూనే, అట్టి ఓర్పు అవసరం కలిగించినవానిని మెచ్చుకొనకుండ ఉండవచ్చును. ఆమె ప్రజ్ఞను నేర్పే పాఠంలో అతని అపరాధాన్ని ఓర్చుకొనడం కూడ ఒక భాగమని పిల్లలకు చెప్పనక్కరలేదు.

ఓడనెక్కిన దేవస్మిత

పూర్వకథలలో నాయికలందరు గోమినివలె ఇంటనే ఉండి గెలిచినవారు కారు. 11వ శతాబ్దిలో కాశ్మీరదేశపు సోమదేవుడు రాణి సూర్యమతి వినోదార్థం రచించిన కథాసరిత్సాగరంలో దేవస్మిత కథ ఉన్నది. ఆ గ్రంథానికి మూలం గుణాఢ్యుని పైశాచీ బృహత్కథ. గుణాఢ్యుని పేరు శాతవాహనుని ఆస్థానంతో ముడిపడి ఉన్నది. దేవస్మిత కథను చెప్పినవాడు విదూషకుడు వసంతకుడు. విన్నది వాసవదత్త. తండ్రి యింటినుండి ఉదయనునితో వెడలివచ్చి, వివాహానికి ఎదురుచూస్తున్న వధువు ఆమె. ఆమె మనస్సు ఊరడిల్లుటకు ఈ కథ ఎన్నుకొన్నాడు.

దేవస్మిత కూడ వర్తకుని కూతురే. తామ్రలిప్తినుండి గుహసేనుడు తండ్రితో వచ్చినాడు. అంత దూరానికి పిల్లను పంపలేక ఆమె తండ్రి సంబంధం వద్దన్నాడు. గుహసేనుని చూచిన దేవస్మిత తానే నిశ్చయించుకొని, చెలికత్తె ద్వారా వర్తమానం పంపి, రాత్రివేళ అతనితోను అతని తండ్రితోను బయలుదేరి పోయినది. తామ్రలిప్తిలో వివాహమైనది. కొంతకాలానికి వ్యాపారార్థం గుహసేనుడు కటాహానికి పోవలసి వచ్చినది. కటాహమనగా మలయా ద్వీపకల్పంలోని కెడా అని చరిత్రకారులు గుర్తించినారు. ఎడబాటుకు ఇద్దరు భయపడినారు. శివుడు కలలో కనిపించి చెరియొక ఎర్రతామర ఇచ్చినాడు. ఒకరు మాట తప్పితే రెండవవారి చేతిలోని పువ్వు వాడిపోతుంది.

కటాహంలో నలుగురు వర్తకపుత్రులు గుహసేనునకు మద్యం పోసి ఈ రహస్యం రాబట్టి, పువ్వును వాడజేయ సంకల్పించి తామ్రలిప్తికి వచ్చినారు. ఒక కపట సన్యాసినిని రాయబారం పంపినారు. దేవస్మితకు ఆ మోసం తెలియకపోలేదు. లొంగినట్లు నటించి, తన వేషం వేసిన దాసులచేత వచ్చినవానికి వచ్చినట్లు మత్తుమందు కలిపిన పానీయం ఇప్పించి, స్మృతి తప్పిన తరువాత నుదుట కుక్కపాదం వాత వేయించి పంపినది. నలుగురు సిగ్గుతో తలగుడ్డ చుట్టుకొని ఊరు విడిచినారు.

మరొక కథ అయితే ఇక్కడ ముగిసిపోయేది. దేవస్మిత ఆలోచన ఇంకొక అడుగు సాగినది. అవమానం పడినవారు తిరిగిపోయినది తన భర్త ఉన్న ఊరికే. వారతనికి కీడు చేయవచ్చును. ఆమె అత్తగారితో చెప్పి, పురుషవేషం ధరించి, వర్తకుని రూపంలో ఓడనెక్కి కటాహం చేరినది. తన దాసులు నలుగురు పారిపోయి ఈ పట్టణంలో దాగినారని రాజునకు విన్నవించినది. రాజు పౌరులందరిని పిలిపించినాడు. తలగుడ్డలు చుట్టిన నలుగురిని ఆమె చూపించినది. వీరు మాన్యులైన వర్తకుల బిడ్డలు, దాసులెట్లగుదురని సభ కోపించినది. నుదుటి గుర్తు చూడుడన్నది. తలగుడ్డలు విప్పించినారు. నిజమంతా బయటపడినది. వారిని విడిపించుటకు తోడి వర్తకులు ఆమెకు ధనమిచ్చినారు, రాజునకు దండుగ చెల్లించినారు. దేవస్మిత భర్తతో తామ్రలిప్తికి తిరిగివచ్చినది. మరల ఎన్నడును వారికి ఎడబాటు కలుగలేదు.

ఈ కథలో దేవుడిచ్చిన తామర ఉన్నది. ఆ పువ్వు చేసిన పని ఏమి? అది వాడలేదు, అంతే. భర్తను కాపాడినది పువ్వు కాదు. ఓడ, వేషం, నిండుసభలో ధైర్యంగా పలికిన మాట. గోమినికి లేని స్వాతంత్ర్యం దేవస్మితకు ఉన్నది: కోరినవానిని తానే కోరుకొన్నది. దేవస్మిత చేతిలోని ఎర్రతామర కూడ వాడలేదని, అతడు కూడ పరీక్షకు నిలిచినాడని మరచిపోరాదు. ఆ తామర ఇద్దరికీ సమానంగా పెట్టిన పరీక్ష. శక్తికుమారుని వడ్లమూటకు, శివుని తామరలకు ఉన్న భేదం అదే.

తరగతిగదిలో

సిండరెల్లా వంటి కథలను పిల్లలు ప్రేమించుటలో తప్పు లేదు. కష్టంలో ఉన్న మంచివారికి ఎవరో ఒకరు తోడు వస్తారన్న ఆశ పిల్లలకు కావలెను. దానితోబాటు, ఎవరును రాకపోయినను చేతిలో ఉన్నదానితో ఏమి చేయవచ్చునో చూపే కథ కూడ వారికి కావలెను. గోమిని కథను వంటింటి కథ అని ప్రక్కకు నెట్టిన ఉపాధ్యాయుడు, అందులో గణితముందని, అంగడి నీతి ఉందని, మండే కట్టెను నీటితో ఆర్పితే బొగ్గు ఎందుకు మిగులుతుందన్న విజ్ఞానశాస్త్రం ఉందని గుర్తింపవలెను. మగపిల్లలు కూడ నేర్వదగిన పాఠమిది. దంచినది గోమిని అయినను, గింజ విరుగకుండ పొట్టు తీయు నేర్పునకు ఆడమగ భేదం లేదు.

విద్యార్థులకు ఈ కథ చెప్పి రెండు ప్రశ్నలు వేయవచ్చును. మొదటిది: నాలుగు కుడవముల వడ్లతో వచ్చిన శక్తికుమారుని గోమిని కూడ ఒక పరీక్షకు నిలిపి ఉంటే, ఆమె ఏమి అడిగి ఉండును? దీనికి ఒకే జవాబు ఉండనక్కరలేదు. అతని ధనం సంగతి ఎవరును అడుగరు. ధనం పోయిన యింటిలోనే ఆమె పెరిగినది. తరగతిలో ఎందరు పిల్లలున్నారో అన్ని జవాబులు వచ్చినను మేలే.

రెండవది చిన్న ప్రశ్న. అతిథి తృప్తిపడిన తరువాత కుండలో అన్నం మిగిలి ఉన్నదని దండి చెప్పినాడు. దానిని ఎవరు తిన్నారో చెప్పలేదు. ఊక అమ్మి వచ్చి, బొగ్గులు అమ్మి వచ్చి, ఆ పూట రెండుసార్లు అంగడి తిరిగిన ముసలి దాది ఆ యింట ఉన్నది. మెతుకు మెతుకు లెక్క తెలిసిన గోమిని ఆమె వంతు మరచి ఉండదు.